దొరికితే వార్త కాదు

జిరాక్సు కొట్లో ఇద్దరే ఉన్నారు. వీధంతా ఎడిటరని పిలిచే కొట్టాయన, ఆయన మీద గొంతు లేపిన ఒక చిన్నపిల్ల తల్లి.

"తీసేశారా లేదా, ముందు అది చెప్పండి."

"కూర్చో చెల్లెమ్మా. ఆ స్టూలు మీద కాగితాలు కింద పెట్టి, కాస్త కూర్చో."

"కూర్చోడానికి రాలేదన్నయ్యా. మా ఆయన్ని పట్టుకున్నారు."

"ఎవరు?"

"జనం."

"మళ్ళీనా?"

"మళ్ళీనే! బుడ్డదానికి బడి బూట్లు కొనాలని స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్ళారు. బజారు చివర చెప్పుల షాపులో చుట్టుముట్టారట. పిల్లనెత్తుకుపోతున్నాడని! మీ పేజీలో దాని ఫొటో చూశారట."

"నా పేజీ ఏంటమ్మా, మన పేజీ. 'మన వీధి గోల'. అందులో మేడమీది విలేకరివి నువ్వు."

"ఇప్పుడా బిరుదులు!"

"బిరుదు కాదు, ఉన్నమాటే. మురుక్కాలవ పొంగిందని అందరికన్నా ముందు చెప్పిందెవరు? మూలింటాళ్ళ కుక్క ఎనిమిది పిల్లల్ని పెట్టిందని..."

"ఏడు."

"చూశావా, ఏడు. అదీ విలేకరంటే."

"కుక్కపిల్లల సంగతి తరవాత, నా పిల్ల సంగతి చూడండి. పోయినేడాది అది కనపడలేదని ఏడుస్తూ మీకు ఫోన్ చేశాను. అవునా?"

"అవును."

"'పాప తప్పిపోయింది, పచ్చగౌను, చూసినవాళ్ళు చెప్పండి' అని ఫొటోతో సహా పెట్టారు. కాదనను, ఆ రోజు మీకు దణ్ణం పెట్టాను. ఆ తరవాతేమైంది?"

"దొరికింది."

"ఎక్కడ?"

"మీ ఇంట్లోనే. ఉతకాల్సిన బట్టల బుట్టలో. దుప్పటి కప్పుకుని మరీ నిద్రపోయింది."

"మరి ఆ ముక్క పెట్టారా?"

"పెట్టానమ్మా! ఆ క్షణమే పెట్టాను. 'పాప దొరికింది, అందరికీ ధన్యవాదాలు.' ఈ మిషను మీద ఒట్టు."

"పెట్టారు. ముగ్గురు లైకు కొట్టారు. ఒకటి నేను, ఒకటి మీరు. మూడోది మా అత్తగారు, ఆవిడ కళ్ళజోడు లేక నొక్కింది."

"అదేనమ్మా ఈ పనిలో ఉన్న దరిద్రం. పోయిందంటే వార్త. దొరికితే వార్త కాదు. అగ్గిపెట్టె పోయిందన్నా పదిమంది అయ్యో అంటారు. ఏనుగు దొరికిందన్నా, అయితే ఏంటంటారు."

"ఆ అయ్యో ఇంకా తిరుగుతోందన్నయ్యా! ఊరు దాటి తిరుగుతోంది! ఆమధ్య మా మామగారు దానికి జుట్టు కత్తిరిద్దామని తీసుకెళ్తే ఏమైంది? పనిలో పని తన గడ్డం కూడా గీయించుకుందామని కూర్చుంటే, సగం గీసి, మంగలి ఫొటో గుర్తుపట్టి జనాన్ని కేకేశాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో నడివీధిలో నిలబడి 'నేను తాతనయ్యా, తాతని' అని అరిచాడు పెద్దాయన. ఇప్పటిదాకా ఆ కుర్చీ ఎక్కలేదు. గడ్డం బొడ్డుదాకా వచ్చింది."

"నేను సన్యాసం తీసుకుంటున్నారేమో అనుకున్నా."

"మా తమ్ముణ్ణి ఆసుపత్రిలో పట్టుకున్నారు. వాడు దానికి మందు ఇప్పించడానికెళ్తే, చివరికి వాడికే మందు రాయాల్సొచ్చేది. ఇంట్లో మగాళ్ళందరూ దాని పేరు చెప్తే పరార్. 'మీ బుడ్డదాన్ని బజారుకి తీసుకెళ్ళడమంటే దొంగబంగారం జేబులో పెట్టుకుని తిరగడమే' అంటాడు మా మరిది. ఎల్లుండి బడి తెరుస్తారు. రోజూ దింపాల్సింది మా ఆయన. రోజుకో వీధిలో తన్నులు తింటారా?"

"ఇంతకీ మీ ఆయన ఆధార్... అదే, కార్డు ఏదైనా చూపించలేదా?"

"చూపించారు. ఇలాంటివి జిరాక్సు కొట్లో అరగంటలో తయారుచేస్తారన్నారట."

"అరగంటెందుకు, పది నిమిషాలు చాలు. అంటే... చేసేవాళ్ళు చేస్తారు. నేను చెయ్యను."

"అన్నయ్యా! ఫోను. ఆయనే."

"స్పీకరు పెట్టు, స్పీకరు పెట్టు."

"ఏవండీ! ఎలా ఉన్నారు? కొట్టారా?"

"ఇంకా లేదు. ఒకాయన చెప్పు చేత్తో పట్టుకున్నాడు. చెప్పుల షాపు కదా, సరుక్కి కొదవ లేదు. ఒకడు పట్టుకుంటే ఇంకొకడు 'అది కాదు, హీలుది తియ్యి' అంటున్నాడు."

"బుడ్డదేం చేస్తోంది?"

"అదా! మహారాణిలా స్టూలెక్కి కూర్చుంది. ఒకావిడ బిస్కెట్లు పెడుతోంది, ఒకావిడ విసనకర్రతో విసురుతోంది. దానికిదంతా అలవాటైపోయింది. ఎవరైనా పట్టుకుంటే దానికి సంబరం."

"మా నాన్నేనని చెప్పమనండి దాన్ని!"

"చెప్పదట."

"ఏం?"

"లైట్ల బూట్లు కావాలంది. నడుస్తుంటే మడమ దగ్గర వెలుగుతాయే, అవి. బడికి నల్లవే వెయ్యాలన్నాను. 'నువ్వు మా నాన్నవి కాదు' అని ఒక్క కేక పెట్టింది. అంతే. షాపంతా తిరిగి చూసింది. ఇదిగో... ఇదిగో షాపావిడ మాట్లాడుతుందట. గట్టిగా మాట్లాడు, ఆవిడ కాస్త... అబ్బ, లాక్కోకండి, ఇస్తున్నాగా!"

"హలో. ఎవరమ్మా నువ్వు?"

"నేను దాని తల్లినండీ. ఆయన మా ఆయనే. దయచేసి వదిలెయ్యండి."

"తల్లినని ఎవరైనా అంటారు. గొంతుకి పుట్టుమచ్చలుంటాయా గుర్తుపట్టడానికి?"

"పిల్లకివ్వండి ఫోను. నా గొంతు వింటే అదే చెప్తుంది."

"ఇదిగో పాపా, మాట్లాడు. మీ అమ్మేనా?"

"బుడ్డీ! నేనే, అమ్మని. ఆంటీకి చెప్పమ్మా, నాన్నేనని."

"లైట్ల బూట్లు కొంటే నాన్న."

"నేనెవర్నే మరి?"

"నువ్వూ అంతే."

"కొంటాను, కొంటాను తల్లీ, రెండు జతలు కొంటాను. చెప్పు ముందు!"

"విన్నారా అందరూ? లంచం ఇస్తానంటోంది పిల్లకి! కన్నతల్లైతే ఈపాటికి వీపు చీరేస్తాననేది. ఇదంతా ఒక ముఠా."

"ముఠా ఏంటండీ! అది పోయినేడాదే దొరికింది. ఆ వార్త పాతది."

"దొరికిందా? దొరికుంటే మాకు తెలీదూ? మా బజారు గ్రూపుకి రాని వార్త లేదు. పక్కూళ్ళో ఎవరింట్లో కుళాయి పగిలినా మాకొస్తుంది. ఈ పిల్ల పోయిందని ఆరుసార్లొచ్చింది. దొరికిందని ఒక్కసారైనా రాలేదు. రాలేదంటే దొరకనట్టే."

"దొరికినా ఎవరూ పంపలేదండీ!"

"అదేం మాట! మంచివార్తయితే పంపరా జనం? మేమంత పాపాత్ములమా? సరే, చివరిమాట. మా గ్రూపులోకి ఆ దొరికిన వార్త నాలుగువైపుల్నుంచి రావాలి. నువ్వు పంపితే కాదు, నలుగురు పంపాలి. లేకపోతే పోలీసులొచ్చేదాకా ఈయన ఇక్కడే. ఈలోగా జనం ఏమైనా అంటే నాది పూచీ లేదు. ఈ పక్క షట్టరు కొట్టాయన మనిషి మంచివాడే, చెయ్యే కాస్త తొందర."

"హలో... హలో! పెట్టేసింది."

"గట్టిది. మన పేజీకి ఇలాంటావిడ కావాలి."

"అన్నయ్యా!"

"ఊరికే అన్నాలే."

"రెండు బస్సులు మారి నేనెళ్ళేలోపు ఆయన పచ్చడైపోతారు. ఇక్కణ్ణుంచే ఏదో ఒకటి చెయ్యాలి. ముందు ఆ పోస్టు తీసెయ్యండి. పోయినసారి తాతని పట్టుకున్నప్పుడే చెప్పాను. తీసేస్తానన్నారు. తీసేశారా?"

"తీసేశాను... అనే అనుకుంటున్నాను."

"అనుకోవడమేంటి?"

"నెట్టు మెల్లగా ఉంటోందమ్మా ఈమధ్య. నొక్కుతాం, పడదు. పడుతుంది, పోదు."

"ఆ తెర ఇటు తిప్పండి."

"వైరు పొట్టిది చెల్లెమ్మా, తిప్పితే ఊడొస్తుంది."

"నేనే అటొస్తాను."

"లోపల చెత్తగా ఉంది, కాలికి పిన్నులు గుచ్చుకుంటాయి... అయ్యో, జాగ్రత్త, ఇంకు!"

"ఏంటిది?"

"ఏది?"

"పేజీ తెరవగానే పైన మా బుడ్డది! పచ్చగౌనేసుకుని! పక్కన ఎర్రక్షరాలతో 'తాజా వార్త' అని! ఇది పోయినేడాదిది కాదు. పోయిన సోమవారం పెట్టింది!"

"అదీ... పేజీ కాస్త పడుకుందమ్మా."

"పడుకుంటే?"

"లేపడానికి. నువ్వే చూశావుగా, పదిరోజులుగా మన వీధిలో ఏమన్నా జరిగిందా? కాలవ పొంగలేదు, కుక్క ఈనలేదు, దెబ్బలాటలు లేవు. కుళాయి దగ్గర కూడా వరసలో నిలబడి పట్టుకుంటున్నారు, సిగ్గులేని జనం! ఏం రాయను? ఆ సందు చివర బట్టలకొట్టువాడు పేజీ పెట్టి వంకాయలో దేవుడి ముఖం కనపడిందని జనాన్ని లాగేస్తున్నాడు. మన దగ్గర జనం కదిలేదేదైనా ఉందీ అంటే అది మీ బుడ్డదే. దాన్ని పెట్టిన రోజు పేజీ తిరణాల."

"నా బిడ్డ పోయిందని మళ్ళీ మళ్ళీ చెప్తారా, జనం కదలడానికి?"

"ఎవరికీ హాని లేదనుకున్నా. దొరికిన పిల్లే కదా."

"మీ పిల్లల ఫొటో పెట్టుకోపోయారా?"

"మావాళ్ళు ఇరవయ్యేళ్ళు దాటారు. పోయారంటే జనం 'పోనివ్వండి, మీసాలొచ్చాయి' అంటారు."

"తియ్యండి. నా కళ్ళముందు తియ్యండి."

"తీస్తున్నా, తీస్తున్నా. ఇదిగో. అయిపోయింది. పోయింది. తృప్తేనా?"

"మా గ్రూపులో ఉన్నవి? ఆవిడ బజారు గ్రూపులో ఉన్నవి?"

"అవి నా చేతిలో లేవు. దిండులో దూది గాలికి వదిలాక దిండు కుట్టేస్తే ఏం లాభం? వెనకాలే ఇంకోటి పంపాలి, దానికన్నా గట్టిది. ఆవిడన్నదే నిజం, నలుగురూ పంపాలి."

"అయితే కొట్టండి. నాకు ఈ అక్షరాలు వెతుక్కోవడం లేటు, నోటితో చెప్తా. 'పాప క్షేమంగా ఉంది. తప్పిపోలేదు. అందరూ గమనించగలరు.'"

"చప్పిడి. ఉప్పూ లేదు, కారమూ లేదు. ఎవడు పంపుతాడు?"

"'అందరికీ పంపండి' అని కింద పెట్టండి."

"అది చూస్తే పంపేవాడు కూడా మానేస్తాడు."

"పంపినవాళ్ళకి పుణ్యమని పెట్టండి."

"పుణ్యం పాతబడిపోయింది. భయముండాలి. 'ఈ వార్త పంపనివాళ్ళ ఫోను వారంలో పేలిపోవును.'"

"ఛీ! అబద్ధానికి అబద్ధమా?"

"పోనీ జాలి. 'ఒక తండ్రి కన్నీటి గాథ.'"

"ఆయన ఏడవరు. ఏడ్చినా ఫ్యాన్లు బాగుచేసే చేతులకి గ్రీజుంటుంది, కళ్ళు తుడుచుకోరు."

"మరి నువ్వే చెప్పు. మన వీధిలో జనం ఆగకుండా పంపిందేంటి, గుర్తు చేసుకో. భయం కాదు, జాలి కాదు..."

"ఎవరో జారిపడితే పంపారు. ఆ లావుపాటి మాస్టారు బురదలో కూర్చుండిపోతే. అది నేనే తీసి పంపాను కదా, మేడ మీంచి. పాపం, ఆయన నెల్లాళ్ళు అటు సందులోంచి తిరిగి వెళ్ళాడు."

"నవ్వు! అదీ మాట. పక్కవాడు నవ్వులపాలైతే ఎవరూ దాచుకోరు."

"అయితే నన్ను చూసి కూడా నవ్వుతారుగా?"

"నిన్ను చూసా? ఎందుకు?"

"చెప్తా. రాయండి."

"ఏం రాయను?"

"నన్నే రాయండి. 'చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికొకత్తె.'"

"బాగుంది మొదలు."

"'ఈ కాలంలో అలాంటిది మన వీధిలోనే ఉంది. బుట్టలో పిల్లని పెట్టుకుని ఊళ్ళన్నీ వెతికించింది.'"

"చెల్లెమ్మా, ఆలోచించుకో. ఇది పోతే మళ్ళీ రాదు."

"కొట్టండన్నయ్యా. 'ఆ బుట్ట ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. ఆ బుట్టకే ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ముక్కు తుడుచుకోడానికి గుడ్డ కోసం అదే బుట్టలో చెయ్యి పెట్టింది. చేతికి ఏదో మెత్తగా తగిలితే దిండనుకుని పక్కకి తోసింది. ఆ దిండు అమ్మా అంది.'"

"ఇది... ఇది నిజమేనా?"

"నిజమే. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అత్తగారికి కూడా. ఇదేం తల్లంటారని."

"మరి ఇప్పుడంటారు కదమ్మా."

"అననివ్వండి. అక్కడ షట్టరాయన చెయ్యి లేపితే ఆయన పక్కటెముకలు నాకెవరు అతుకుతారు? ఊరికే నవ్వితే ఎముకలు విరగవు. కొట్టండి. 'దిండు అమ్మా అన్నాక కూడా ఆమెకి వెలగలేదు. అమ్మా, దిండు మాట్లాడుతోంది, దెయ్యం పట్టింది అని వంటింట్లోకి పరిగెత్తింది.'"

"హహ్హ... క్షమించు. క్షమించమ్మా. నవ్వు రాకూడదనే అనుకున్నా."

"నవ్వండి. మీకే నవ్వు రాకపోతే వాళ్ళకేం వస్తుంది? 'ఆ తల్లి పుణ్యమా అని, పాప తండ్రి ఏ వీధిలోకెళ్ళినా పిల్లల దొంగని పట్టుకుంటున్నారు. పాప దొంగలపాలు కాలేదు బాబూ, బుట్టపాలైంది. తండ్రిని కొట్టకండి. కొట్టాలంటే బుట్టని కొట్టండి.' చాలా?"

"చాలు. పేరు వెయ్యనా?"

"నా ఫొటో వెయ్యండి. ముఖం లేకపోతే ఎవరు నమ్ముతారు? ఇక్కడే తియ్యండి, ఆ పాసుపోర్టు ఫొటోల గుడ్డ ముందు."

"జుట్టు సర్దుకో."

"వద్దు. ఇలాగే బాగుంటుంది. బుట్టతల్లి లాగే ఉన్నాను."

"ఇటు చూడు. గడ్డం కాస్త పైకి. ఆఁ... వెళ్ళిపోయింది. ఇక దేవుడి దయ."

ఆమె స్టూలు మీద ఇప్పుడు కూర్చుంది. ఫోను బోర్లా పెట్టి, మళ్ళీ తిప్పి, మళ్ళీ బోర్లా పెట్టింది.

"చదవనా చెల్లెమ్మా, ఏమంటున్నారో?"

"వద్దు... చదవండి."

"'చచ్చాం నవ్వలేక' అని పాలబ్బాయి. 'ఇదేం తల్లి' అని ఒకావిడ."

"అనుకున్నా."

"ఆవిడకి కింద ఇంకొకావిడ జవాబిచ్చింది. 'నోర్ముయ్యవే, నువ్వు నీ మొగుణ్ణే సినిమాహాల్లో మర్చిపోయొచ్చావు' అని. అక్కణ్ణుంచి వాళ్ళిద్దరిదీ దెబ్బలాట. మంచిదే, దెబ్బలాటుంటే జనం ఆగుతారు. ఒకామె 'ఆ బుట్ట గట్టిదిలాగుంది, ఎక్కడ కొన్నారు' అని."

"ఇంకా?"

"'మావాడు కప్‌బోర్డులో దొరికాడు', 'మాది కారు కింద', 'మా అమ్మ నన్ను మేడ మీద ఆరేసి మర్చిపోయింది'... ఇదేంటమ్మా, ఊళ్ళో ప్రతివాళ్ళూ ఎక్కడో ఒకచోట మర్చిపోబడినవాళ్ళే! ఆగట్లేదు. వీధులు దాటేసింది. నా జన్మలో ఇంత పరుగు చూడలేదు."

"బజారుకి చేరిందా, అది చెప్పండి."

"నీ ఫోనే చెప్తుంది, మోగుతోంది చూడు."

"హలో! ఏవండీ!"

"నేనమ్మా, చెప్పుల షాపుదాన్ని. నువ్వేనా బుట్టతల్లివి?"

"నేనేనండీ."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నాలుగువైపులా అడిగితే నలభైవైపుల్నుంచి వచ్చింది. ఇక్కడ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. షట్టరాయన చెప్పు పారేసి కూలబడ్డాడు, ఆయనకి ఎక్కిళ్ళు."

"నన్ను నమ్మారా మరి?"

"నమ్మకేం? దొంగలైతే ఇంత సిగ్గుమాలిన కథ చెప్పుకుంటారా? ఏడుస్తూ చెయ్యి పెట్టి పిల్లని పక్కకి తోశావంటే, కచ్చితంగా నువ్వు తల్లివే. నేనూ అలాంటి పనే చేశాలే, ఎవరికీ చెప్పకు. ఇదిగో మీ ఆయన్ని వదిలేస్తున్నాం. మనిషి తెల్లగా పాలిపోయాడు. బూట్లు నా బహుమతి. నల్లవీ, లైట్లవీ రెండూ. నా తప్పు కాయమ్మా."

"మీ తప్పేం లేదండీ. పిల్ల కోసమే కదా మీరూ."

"అదిగో, స్కూటరు తీస్తున్నాడు. ఏవయ్యా, నీ ఫోను! ఫోను మర్చిపోతున్నావు, తీసుకెళ్ళు! హడావుడి మనిషి. ఉంటానమ్మా."

"అన్నయ్యా... వదిలేశారు."

"హమ్మయ్య! మంచినీళ్ళు తాగు."

"ఊళ్ళో తలెత్తుకోలేననుకున్నా. ఏంటో, తేలిగ్గా ఉంది."

కాసేపటికి గుమ్మంలో స్కూటరు ఆగింది.

"ఏవండీ! వచ్చారా! దెబ్బలేమైనా తగిలాయా? చొక్కా చిరిగిందే!"

"చిరిగింది చొక్కాయే, సంతోషించు. ఎడిటరుగారూ, ఒక గ్లాసు నీళ్ళు ఇప్పించండి. అబ్బబ్బ, ఏం జనం! ఇందాకటిదాకా కొడతామన్నవాళ్ళే భుజాలు తట్టి, టీ పోసి, 'బుట్టపాప నాన్నా, బుట్టపాప నాన్నా' అని. ఇంకాసేపుంటే మళ్ళీ మనసు మార్చుకుంటారని స్కూటరు వెనక్కి చూడకుండా తోలుకొచ్చా."

"పోనీలెండి. గండం గడిచింది."

"గడిచిందా! దారి పొడుగునా దానికి గడ్డి పెడుతూనే వచ్చా. 'నాన్నని నాన్న కాదంటావా, ఎల్లుండి బడిలో నన్నెవరో తెలీదంటావా, నీకు బుద్ధుందా' అని. నోరెత్తితే ఒట్టు. ఉలుకూ లేదు పలుకూ లేదు. తప్పు తెలిసొచ్చినట్టుంది."

"ఎవరికి?"

"బుడ్డదానికే. వెనక కూర్చుందిగా అలిగి."

"వెనకా?"

"దిగు బుడ్డీ, అమ్మ పిలుస్తోంది. దిగవే, ఇంకేం అనన్లే."

"ఏవండీ."

"ఊఁ?"

"స్కూటరు మీద ఎవరూ లేరు."

"లేకపోవడమేంటి, నేనే ఎక్కించా! ఎక్కించాను... ఎక్కమన్నాను. ఎక్కిందనే..."

"ఏవండీ!"

"బూట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకుంటానని ఒక్క క్షణం దిగింది... అమ్మో."

"అన్నయ్యా, పెట్టండి! వెంటనే పెట్టండి, పాప కనపడటం లే..."

"ఆగమ్మా! ఆగు. అక్కర్లేదు. వచ్చేసింది."

"ఏం వచ్చింది?"

"బజారు గ్రూపు నుంచి. చెప్పుల షాపావిడే పెట్టింది. చదువుతా విను. 'బుట్టపాప మళ్ళీ దొరికింది. ఈసారి తల్లి తప్పు లేదు. కన్నతండ్రే మర్చిపోయి ఖాళీ స్కూటరుకి నీతులు చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. నాలుగు రోడ్ల కూడలిలో అందరూ చూశారు. పాప మా షాపులో క్షేమం, బన్ను తింటోంది. ఆ మహానుభావుడు వచ్చి తీసుకెళ్ళవలెను.' కింద ఫొటో వేసింది."

"బుడ్డదానిదా?"

"మీ ఆయనది. నిలువునా. స్కూటరు మీద వేలు ఆడిస్తూ, వెనక్కి తిరక్కుండా."

"ఛీ ఛీ! నా పరువేం కాను! ఎడిటరుగారూ, అది ఇంకెవరికీ పోకుండా చూడండి. ఆవిడకి ఫోన్ చేసి తీయించెయ్యండి, మీకు పుణ్యముంటుంది!"

"ఒద్దన్నయ్యా, అది ఊరు ఊరంతా చూడాలి. బుడ్డదానికి నాన్న ఈయనేనని ఇన్నాళ్ళకి అందరికీ తెలిసింది."